మట్టిచేతుల నాటి ముచ్చట

హుజూరాబాదు బస్టాండు నుండి బజారులోనికి నడచు త్రోవలో, పలకలు, బలపములు, నోటుబుక్కులు అమ్ము దుకాణముల ముందు ఈ నడుమ ఒక క్రొత్త సరకు వ్రేలాడుచు కనబడుచున్నది. చిన్న చిన్న ప్లాస్టిక్కు డబ్బాలలో ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ వన్నెల మెత్తని ముద్దలు. చేతికి అంటవు, బట్టకు మరక కావు, వాసన యున్నను అది ఏ నేల వాసనయు కాదు. బడివారు వ్రాసి పంపిన చీటీ చేతబట్టుకొని వచ్చిన తల్లులు వానిని బేరమాడకయే కొనిపోవుచున్నారు. పసిపిల్లల వ్రేళ్ళకు పదును, బుద్ధికి చురుకు వచ్చుటకు ఇట్టి ముద్దలను పిసుకుట అవసరమని బడిలో చెప్పిరట. ఆ మాటలో అసత్యమేమియు లేదు. కాని నేను ఆ దుకాణము ముందు నిలిచినది భాద్రపద బహుళ పక్షమున, వాన వెలసి చూరు నీళ్ళింకను కారుచున్న ఒక సాయంకాలమున. ఒకప్పుడు ఇదే వేళకు ఈ వాడలలో ఏ అరుగు చూచినను పుట్టమన్ను ముద్ద, ఏ పిల్లను చూచినను మోచేతుల దాక మన్ను కనబడెడివి. వీథి కొసదాక నడచి చూచితిని. సిమెంటు రోడ్డు శుభ్రముగా నున్నది. పిల్లల చేతులు అంతకంటె శుభ్రముగా నున్నవి.

మా చిన్ననాట పిల్లలకొరకై ప్రత్యేకముగా ఏర్పరచిన మట్టియాట యనునది లేదు. ఇల్లు అలుకు తల్లి, సారె త్రిప్పు కుమ్మరి, గోడ పెట్టు కూలి, సకినాలు చుట్టు ముసలమ్మ, వీరందరి పని అంచున నుండి పిల్లకొక పిడికెడు ముద్ద దక్కెడిది. ఆ పిడికెడే మా ఆట. ఆ పనులు ఎట్లు సాగెడివో, ఆ పిడికెడు ఎట్లు దక్కెడిదో, తరువాత ఏల దక్కకపోయెనో చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

సానిపి వేళ

గూన పెంకుల ఇండ్లు వరుసగా నున్న ఆ పాత వాడలలో తెల్లవారుట వాకిట సానిపి, అనగా పేడనీళ్ళు చల్లు చప్పుడుతో తెలిసెడిది. మా బాపమ్మ కొట్టము నుండి తెచ్చిన పేడను బకెట్టు నీళ్ళలో వేసి, మోచేతివరకు చేయి ముంచి, గడ్డిపరకలు విడిపోవునట్లు కలిపి, నడుము వంచి, అరచేతి అంచుతో ఆ నీళ్ళను చిమ్ముచు గల్మ (గడప) నుండి వీథి దాక నడచెడిది. ఆ చిమ్ముట ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకుండ, ఒక తాళములో సాగెడిది. లేచిన ధూళి అణగి, పచ్చివాసన వాకిట నిండిన పిమ్మటనే ముగ్గు పడెడిది.

శుక్రవారములకు, పండుగలకు ఇంటిలోపలి అలుకు ఉండెడిది. ఎర్రమన్నును ముందునాడే నానబెట్టి, రాళ్ళేరి, పేడతో కలిపి, పాతబట్ట ముద్దను అందులో ముంచి, అమ్మ గోడమూల నుండి వెనుకకు జరుగుచు నేలపై అర్ధచంద్రాకారముగా చేయి త్రిప్పెడిది. ఒకదాని అంచుపై మరియొకటి ఎక్కుచు ఆ అర్ధచంద్రములు అర్ర యంతయు నిండెడివి. తడిసిన నేల ముదురు వన్నెతో మెరయుచుండి, ఆరినకొలది అంచులనుండి లోపలికి వన్నె తేలిక యగుచు వచ్చెడిది. ఆ వన్నె మారుటను చూచుచు గల్మ మీద కూర్చుండుట మాకొక వేడుక.

“ఓ పోరీ, అలికిన కాడ అడుగు వెట్టకు. గా మూల నీది, గక్కడ అలుక్కో పో” అని అమ్మ వడ్ల గుమ్మి వెనుక మూరెడు మేర మాకు విడిచెడిది. ఆ మూరెడు మేరలో మేము పూసిన మన్ను మందము ఎక్కువై, ఎండిన పిదప పెచ్చులై లేచెడిది. అమ్మ దానిని మరుసటి అలుకులో సవరించుకొనెడిది. తిట్టెడిది కాదు, మెచ్చెడిది కాదు. గడ్డిపరక అరచేతిని గీరుట, చల్లని మన్ను వ్రేళ్ళ సందులనుండి పైకి పొంగుట, పలుచనైనది జారుట, చిక్కనైనది చేతిని పట్టి లాగుట, వీనివలన నీళ్ళెంత, మన్నెంత అను లెక్కను మా చేతులు ఏ పుస్తకము తెరువకమునుపే నేర్చినవి.

గోడలు లేచు కాలము

ఎండకాలము వచ్చినంతనే ఊరిలో ఎవరో ఒకరు ఇల్లు మొదలుపెట్టెడివారు. మట్టి గోడ పెట్టుటకు ముందు గుంత త్రవ్వి, అందులో మన్ను పోసి, నీళ్ళు కట్టి, వరిగడ్డి చల్లి, ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు కూలివారు పంచెలు ఎగగట్టి దిగి త్రొక్కెడివారు. వారి కాళ్ళు దిగబడునప్పుడును, ఊడివచ్చునప్పుడును పుట్టు ఆ చప్పుడు వాడ పిల్లలనందరను అక్కడకు రప్పించెడిది. మేస్త్రీ కొంతసేపు కసరి, పిమ్మట అలసి, “ఎట్లనన్న తొక్కుండ్రి గని, గడ్డపార దిక్కు పోకుండ్రి” అని విడిచెడివాడు. మోకాళ్ళవరకు మన్నులో దిగిన పిల్లలు ఒకరి భుజము ఒకరు పట్టుకొని గుండ్రముగా తిరుగుచుండగా, గడ్డి అరికాళ్ళకు చక్కిలిగింత పెట్టుచుండగా, పని యేదో, ఆట యేదో తెలిసెడిది కాదు. మట్టి గోడ ఒక వరుస పెట్టి, అది గట్టిపడువరకు ఆగి, పిదప మీది వరుస పెట్టవలసినది గనుక, ఆ త్రొక్కుడు గుంత మాకు చాల దినములు నిలిచెడిది.

కలిగినవారు కట్టు ఇండ్లకు డంగు సున్నము పట్టెడివారు. గుండ్రని కాలువలో రాతి చక్రమును ఎద్దు త్రిప్పుచుండగా సున్నము, ఇసుక నలుగు ఆ గానుగ దగ్గరకు మాత్రము మమ్ము రానిచ్చెడివారు కారు. కాల్చిన సున్నము చేయి పెట్టినచో పొక్కును, కంటబడినచో చూపు పోవును. ఆ నిషేధమువలన మా గుంపంతయు ఇసుక కుప్ప మీదికి మరలెడిది. మానేరు నది నుండి ఎడ్లబండ్ల మీద వచ్చిన ఆ ఇసుక పైన ఎండి తెల్లగాను, జానెడు త్రవ్విన లోపల చెమ్మగా, చల్లగాను ఉండెడిది. కుడిపాదమును అందులో దూర్చి, పైన తడి ఇసుక పోసి, రెండు అరచేతులతో తట్టి తట్టి, ఊపిరి బిగబట్టి మడమను మెల్లగా కదల్చి కాలు వెనుకకు తీసినచో పిట్టగూడు నిలిచెడిది. ఇసుక పొడిదైనచో కప్పు కూలును. మరీ తడిదైనచో పాదముతోబాటు ఊడివచ్చును. నిలిచిన గూటికి రెండు వైపుల నుండి ఇద్దరు పిల్లలు సొరంగము త్రవ్వుచు పోయి, నడుమ చీకటిలో ఎదుటివారి వ్రేలు తగిలినంతనే పెట్టు కేక వాడ యంతయు వినబడెడిది.

ఇసుకలో పుల్ల దాచు ఆట ఇంకొకటి. బారెడు పొడవున ఇసుకను గట్టుగా పోసి, ఒకరు అందులో చీపురు పుల్ల ముక్కను అటునిటు జరుపుచు ఎక్కడనో విడిచిపెట్టుదురు. రెండవవారు రెండుచేతులు జోడించి గట్టుపై ఒకచోట మూయవలెను. పుల్ల ఆ చేతుల క్రింద లేనిచో, ఓడినవారి దోసిట ఇసుక పోసి, అందులో పుల్లను నిలిపి, కన్నులు మూసి, వాడలోని సందులన్నియు త్రిప్పి, ఎక్కడనో ఆ ఇసుకను పోయించి, మొదటి చోటికి తెచ్చి కన్నులు విడిచెడివారు. ఆ ఇసుక ఎక్కడ పోసెనో తానే వెదకి తెచ్చుకొనవలెను. అరికాలికి తగిలిన గచ్చు, బురద, పేడ, ముల్లు, చెవిని పడిన రోకటి చప్పుడు, ముక్కును తాకిన గానుగ నూనె వాసన, వీనినిబట్టియే త్రోవ పోల్చుకొనెడివారము.

కుమ్మరి వాకిట

కుమ్మరి ఇంటి వాకిలి మాకు నిత్యము తెరచిన బడి. చెరువు మన్ను తెచ్చి, ఎండబెట్టి, చితుకగొట్టి, జల్లించి, నానబెట్టి, కాళ్ళతో త్రొక్కి, చేతులతో పిసికి, ఒక్క రాయియు, ఒక్క గాలి బుడగయు లేకుండ చేసిన పిమ్మటనే అది సారె ఎక్కెడిది. కర్రతో త్రిప్పిన సారె మీద ముద్ద నడుమ బొటనవ్రేలు దిగినంతనే గోడ లేచుట, తడిగుడ్డ తాకినంతనే అంచు నునుపగుట, చివర దారముతో అడుగును కోసి కుండను ఎత్తుట చూచుచు మేము కన్నార్పక నిలిచెడివారము. కుండ మెత్తగా నుండగనే లోపల గుండ్రాయి ఆనించి, వెలుపల చెక్కతో తట్టి దానిని పెద్దది చేయు ఆ ‘టపటప’ ధ్వని ఎండకాలపు మధ్యాహ్నములలో వాడ యంతయు వినబడెడిది. సంక్రాంతికి ముందు గురుగులు చేసెడివారు; బొటనవ్రేలంత కుండలు, మూకుళ్ళు, పొయ్యి. ఆవము కాలి చల్లారిన నాడు వానిని తెచ్చుకొని, నాలుగు బియ్యపు గింజలు, ఇంత బెల్లము వేసి, వాకిట నిజమైన పుల్లలతో పొయ్యి ముట్టించి వండుకొనెడివారము.

సారెకు పనికిరాని మన్ను తునకలు కుమ్మరి అవ్వ మాకు పడవేసెడిది. మగపిల్లలు వానితో అరచేతి పెద్ద గిన్నె చేసి, దాని అడుగును ఉమ్మితో తడిపి ఎంత పలుచన చేయగలరో అంత పలుచన చేసి, నోటివైపు నేలకగునట్లు బోర్లించి బండపై కొట్టెడివారు. లోపల చిక్కిన గాలి పలుచని అడుగును పగులదీసి పటాకు చప్పుడుతో బయటపడెడిది. ఎంత రంధ్రము పడినదో అంత మన్నును ఎదుటివాడు తన ముద్దనుండి ఇచ్చి పూడ్చవలెను. సాయంకాలమునకు ఒకని ముద్ద గుమ్మడికాయంతయు, ఒకనిది నిమ్మకాయంతయు అయ్యెడిది. ఓడినవాడు చీకటిపడిన పిమ్మట మరల కుమ్మరి వాకిటనే చేరెడివాడు.

తొలకరి వానలకు మట్టి ఎడ్లు. మెడ క్రింది గంగడోలు, మూపురము దిద్దుటలో పిల్లల నేర్పు తెలిసెడిది. గురువింద గింజలు కన్నులుగా పొదుగునప్పుడు “నోట్ల వెట్టుకునేరు, ఇసం!” అని పెద్దవారు తప్పక హెచ్చరించెడివారు, ఆ గింజ నిజముగనే విషము. ఆదిలాబాదు వైపు శ్రావణమాసపు చివర పొలాల అమావాస్య నాడు నిజమైన ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి ఊరేగించుటతోబాటు మట్టి ఎడ్లను పూజించు ఆచారము నేటికిని కలదు. పిల్ల చేతిలో ఆటవస్తువైనది పెద్దల చేతిలో దేవతయగుట మన పల్లెలకు వింత కాదు.

బొడ్డెమ్మ

ఆడపిల్లలమైన మాకు ఈ మట్టిపని యంతటికి శిఖరము బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు, భాద్రపద బహుళ పంచమి మొదలు మహాలయ అమావాస్య వరకు, పెండ్లికాని పిల్లలు ఆడు పండుగ ఇది. బతుకమ్మ పూలతో పేర్చునది. బొడ్డెమ్మ మన్నుతో మలచునది. పీట బొడ్డెమ్మ, గుంట బొడ్డెమ్మ, పందిరి బొడ్డెమ్మ అని ఊరూరికి పద్ధతులు వేరైనను, మా వాడలో చెక్కపీట మీద మలచెడివారము.

ఊరి వెలుపలి పుట్టనుండి మన్ను తెచ్చుట మొదటి పని. పుట్టమన్ను చెదలు నమిలి కట్టినదగుటచే మిక్కిలి నునుపు. రాయి యుండదు, పిసికినకొలది సాగును. పుట్టకు మ్రొక్కి, పసుపు కుంకుమ పెట్టి, అంచున మాత్రము త్రవ్వి గంపకెత్తుకొనవలెనని, లోపల పాముండునని బాపమ్మ చెప్పి పంపెడిది. ఆ మన్నును అరుగు మీద పోసి, గడ్డలు నలిపి, నడుమ గుంత చేసి నీళ్ళు పోసి, నలుగురైదుగురము చుట్టు కూర్చుండి పిసికెడివారము. ఎవరి చేయి ఎవరిదో ఆ ముద్దలో తెలియదు. పీట మీద చదరముగా అడుగు అంతరము, దానిపై చిన్నది, దానిపై ఇంకను చిన్నది, చివర శిఖరము. అంచులు తిన్నగా నుండుటకు తడిచేతితో నిమిరి, మూలలను బొటనవ్రేలితో నొక్కి, పగుళ్ళను పలుచని మన్నుతో పూడ్చెడివారము. పెద్దపిల్ల కొలత చూచెడిది. చిన్నపిల్లలకు పగుళ్ళు పూడ్చు పని. పిదప ఎర్రమన్ను పూసి, బియ్యపుపిండితో చుక్కలు పెట్టి, తంగేడు, బంతి, గన్నేరు పూలతో అంతరముల అంచులు నింపెడివారము.

ప్రతి సాయంకాలమును వాకిట పీటను ఉంచి, దాని చుట్టు తిరుగుచు చప్పట్లతో పాడి, ప్రొద్దుపోయిన పిమ్మట పసిబిడ్డను నిద్రపుచ్చునట్లు జోలపాడి ఆమెను లోపల పెట్టెడివారము. ఉదయము లేచి చూచినచో ఎండి ఎక్కడనో ఒక చీలిక వచ్చియుండెడిది. తడి చేసి మరల పూడ్చుట ఆనాటి తొలి పని. ఇట్లు ఆ దినములన్నియు కాపాడిన దానిని చివరినాడు చెరువులోనో, బావిలోనో విడిచెడివారము. నీళ్ళలో దిగినంతనే మూలలు మెత్తబడి, అంతరములు జారి, పూలు తేలిపోవుచుండగా చిన్నపిల్లలు ఏడ్చెడివారు. చేసినది పోవును, మరుసటి ఏట మరల చేసికొనవచ్చును అను బోధ, ఎవరును నోటితో చెప్పకయే, ఆ చెరువు గట్టున మాకు కలిగెడిది.

పిండి, పువ్వు, రంగు

మన్ను ఇంటి వెలుపలిది, లోపల పిండి. సంక్రాంతికి పది దినములముందు నుండియే కరీంనగరము, వరంగల్లు ప్రాంతములలో సకినాల సందడి. బియ్యమును నానబెట్టి, వడగట్టి, తడిమీదనే దంచి, జల్లించిన పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నీళ్ళు చల్లుచు చేతికి లొంగునట్లు చేసెడివారు. పరచిన బట్ట చుట్టు వాడ అమ్మలక్కలు కూర్చుండి, పిడికిట పిండి పట్టుకొని, బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమనుండి సన్నని పోగును మెలిపెట్టుచు జార్చి, చుట్టుపై చుట్టు వేసెడివారు. మెలికలేని సకినము సకినము కాదు. “నాక్కూడ” అని గునిసిన పిల్లకు ఒక ముద్ద, బట్ట మీద ఒక మూల దొరకెడివి. మా చేతిలో పోగు తెగెడిది, లావయ్యెడిది, పామై ప్రాకెడిది. అయినను బాపమ్మ ఆ వంకర సకినమును వేరుగా తీసి, మిగిలినవానితోబాటే నూనెలో వేసి, “ఇది నీది” అని చేతబెట్టెడిది. వేడి తగ్గనీయక కొరికిన ఆ లావు సకినము లోపల పచ్చిగనే యుండెడిది. మేము మాత్రము దానిని ఎవరికిని పెట్టకయే తినెడివారము.

ఆషాఢమున మైదాకు. రోట నూరిన ఆ ఆకుపచ్చ ముద్ద చల్లగా వ్రేలికొనలకు టోపీలై కూర్చుండగా, రాత్రి యంతయు చేతులు చాపి పండుకొని, తెల్లవారి గీకివేయునప్పుడు ఎవరిది ఎర్రగా పండెనో చూచుకొనుట. ఫాల్గుణమున కాముని పున్నమికి మోదుగపూలు. జాజిరి పాడుచు పిల్లలు ఇల్లిల్లు తిరుగు ఆ దినములలో, ఆకు రాల్చిన మోదుగచెట్లు నిలువెల్ల పూచియుండెడివి. పూలను ఏరి తెచ్చి, కుండలో మరగించి, రాత్రి యుంచినచో నారింజ వన్నె నీళ్ళు దిగెడివి. వెదురుగొట్టపు పిచికారిలో నింపి చిమ్మిన ఆ రంగు కంటబడినను మంట లేదు. రెండు ఉతుకులకు పోయెడిది.

పెద్దల చేతివృత్తికిని ఇట్టి ముద్దలే ఆధారమని చెప్పుటకు నిర్మల్ కొయ్యబొమ్మలే సాక్ష్యము. తేలికైన పొనికి కర్రతో చెక్కిన ముక్కలను అతుకుటకును, సందులు పూడ్చి నునుపు చేయుటకును అక్కడి పనివారు చింతగింజల పిండిని, రంపపు పొట్టును కలిపి ముద్ద చేసి వాడుదురు. ఆ ముద్దను పూసి, ఆరనిచ్చి, గీకి, రంగు వేసిన పిమ్మటనే చిలుకకు ముక్కు, జింకకు చెవి కుదురును.

ఏల పోయెను?

ఇది యొక్కనాట పోలేదు, ఎవరును తీసివేయలేదు. నేల గచ్చు అయినది, అలుకు పోయినది. ట్రాక్టరు వచ్చినది, కొట్టములు ఖాళీ అయినవి, పేడ కొనుక్కొనవలసిన వస్తువైనది. స్టీలు, ప్లాస్టిక్కు బిందెలు వచ్చినవి, కుమ్మరి సారె ఆగినది. సిమెంటు స్తంభముల మేడలకు మట్టి త్రొక్కువాడు అక్కరలేదు. మానేటి ఇసుక ఎడ్లబండి దిగి లారీ ఎక్కినది. వాడలో కుప్పగా పడి నెలలు నిలుచుటకు అంత చౌక వస్తువు కాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకములో చెరువుల పూడిక తీసినప్పుడు ఎంత ఒండ్రుమన్ను యంత్రములతో లేచి ట్రాక్టర్లతో పొలములకు పోయినదో చూచినవారము. అందులో పిల్ల చేతికి అంటినది లేదు. సకినాలు దుకాణమున తూకమునకు దొరకుచున్నవి. 2014లో తెలంగాణము ఏర్పడిన పిమ్మట బతుకమ్మ రాష్ట్రపు పండుగయై వెలిగినది. దాని చెల్లెలైన బొడ్డెమ్మకు ఆ వెలుగు అందలేదు.

ఇట్లు పెద్దల చేతులు శుభ్రపడినకొలది పిల్లల చేతులును శుభ్రపడినవి. ఆ పిమ్మట బడి వచ్చి, లేని దానిని పాఠముగా పెట్టినది. నిజమునకు విద్యావేత్తలు ఈ సంగతిని ఏనాడో ఎరుగుదురు. 1837లో జర్మనీలో శిశు విద్యాలయమును ఆరంభించిన ఫ్రోబెల్ తన బోధనలో మట్టితో బొమ్మలు చేయుటకు తావిచ్చెను. 1907లో రోములో తన మొదటి శిశుగృహమును తెరచిన మాంటిస్సోరీ, నీళ్ళు ఒంపుట, బల్ల తుడుచుట మొదలైన నిజమైన ఇంటిపనులనే పసివారి చేతికిచ్చెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే ఉపాధ్యాయులను తీర్చిదిద్దెను. ఆమె పద్ధతిని 1920 నాటికే భావనగరమున గిజుభాయి తన బాలమందిరములో మన దేశపు పిల్లలకు తగినట్లు మార్చుకొనెను. ఇక ఆ దుకాణపు డబ్బాలకు మూలమైన ముద్ద పుట్టుక మరింత విచిత్రము. అమెరికాలో బొగ్గుపొయ్యిల మసి పట్టిన గోడకాగితములను తుడుచుటకై చేసిన పిండిముద్ద, ఆ పొయ్యిలు పోయి అమ్మకము తగ్గిన కాలమున, 1956లో ప్లే-డో అను పేర పిల్లల ఆటవస్తువుగా మారినది. అక్కడను మొదట పెద్దల పనియే. ఆ పని పోయిన పిమ్మట మిగిలినది ఆట.

లాభమెంత, నష్టమెంత

పాతకాలమును తలచుకొనువారు దాని పుండ్లను మరచుట సులభము. మాలో ఎందరి కడుపులలో నులిపురుగులుండెడివో, ఎందరు పసివారు పాలిపోయి, పొట్టలు ఉబ్బి తిరిగెడివారో జ్ఞాపకమున్నది. చెప్పులేని పాదమునుండి కొంకిపురుగు ఒంటిలోనికి ఎక్కుననియు, పశువుల పేడ కలిసిన మన్నులో ధనుర్వాతపు బీజములుండుననియు మా అమ్మలు ఎరుగరు. ఇప్పుడు 2015 నుండి ఏటేట బడులలో, అంగన్‌వాడీలలో పిల్లలకు నులిపురుగుల మాత్ర వేయుచున్నారు. ధనుర్వాతపు టీకా పల్లెపల్లెకు చేరినది. శుభ్రత వలన బ్రతికిన బిడ్డలను లెక్కించినచో ఆ లాభము ముందు నా జ్ఞాపకములు మూగపోవును.

మరియొక సంగతి. మాకు ఆటయైన మన్ను కుమ్మరి పిల్లలకు చాకిరి. మేము సారె చూచుచు నిలిచిన వేళ వారు మన్ను మోయుచుండిరి. వాడవాడకు బొడ్డెమ్మ వేరు. ఊరి చివరి వాడ పిల్లలు మా పీట దగ్గరకు వచ్చి మన్ను కలుపుట నేను చూడలేదు. అలుకు, సానిపి, పిండి యను ఆటలన్నియు ఆడపిల్లను ఇంటి పనికి కట్టివేయు త్రాళ్ళుగను పనిచేసినవి. తమ్ముడు ఇసుకలోనే యుండగా, చీకటి పడకమునుపే “బోళ్ళు తోముదువు రా” అను పిలుపు నాకు మాత్రమే వచ్చెడిది.

అయినను నష్టము చిన్నది కాదు. 1989లో ఇంగ్లండునందు స్ట్రాచన్ అను వైద్యశాస్త్రజ్ఞుడు, ఎక్కువమంది అన్నలు, అక్కలు గల ఇంటి పిల్లలకు పుప్పొడి వలన వచ్చు జలుబు తక్కువని గమనించి, పసితనమున తగులు అంటురోగములకును, ఒంటి రక్షణశక్తికిని సంబంధముండవచ్చునని సూచించెను. ఆ ఊహపై తర్జనభర్జనలు నేటికిని సాగుచున్నవి. 2020లో ఫిన్లండు పరిశోధకులు నగరపు శిశుగృహముల కంకర ఆవరణలలో అడవి నేలను, పచ్చికను తెచ్చి పరచి, పసివారిని వానిలో ఆడనిచ్చిరి. 28 దినములలోనే వారి చర్మముపైనున్న సూక్ష్మజీవుల వైవిధ్యము పెరిగి, రక్తములోని రక్షణ గుణములందు మేలైన మార్పు కనబడెనట. పిల్లల ఆవరణకు అడవి మన్నును బండ్లతో తోలుకొనిపోవలసిన దినము వచ్చినదని చదివినప్పుడు, మా వాడవారికి నవ్వు రాక మానదు.

చేతికి కలుగు నష్టము ఇంకొకటి. డబ్బాలోని ముద్ద ఎప్పుడును ఒకే తడిలో నుండును. పిల్ల దానికి నీళ్ళు పోయదు, దాని పగులును పూడ్చదు, అది ఎండువరకు ఆగదు. మన్ను అట్లు కాదు. అది వానకొక తీరున, ఎండకొక తీరున, చెరువుదొక తీరున, పుట్టదొక తీరున ఎదురాడును. దానిని ఒప్పించుటకు ఓర్పు కావలెను. అంతకంటె ముఖ్యముగా, మా వంకర సకినము అందరి సకినాల మూకుటిలోనే వేగినది, మేము త్రొక్కిన మన్ను నిజమైన ఇంటి గోడలోనికే ఎక్కినది. మూత పెట్టి బల్లసొరుగులో దాచు ముద్దకు ఆ గౌరవము లేదు.

ఆ కాలమంతయు మరల రావలెనని నేను కోరను. పెద్దల పనిలో పిల్లకొక వంతు కావలెనని మాత్రము కోరుదును. సంక్రాంతికి సకినాలు కొనితెచ్చు ఇంటిలోను ఒక కిలో పిండి కలుపవచ్చును. మేడమీది కూరమొక్కల కుండీలలో మన్ను మార్చునాడు పిల్లను కూడ కూర్చుండబెట్టవచ్చును. 1975లో ఆరంభమై నేడు పల్లెపల్లెకు చేరిన అంగన్‌వాడీల ఆవరణలలో, కుక్కలు, పిల్లులు చొరకుండ మూతగల ఇసుక గుంత ఒకటి పెట్టుట పెద్ద వ్యయము కాదు. భాద్రపదమున వాడకొక బొడ్డెమ్మను, ఈ సారి అన్ని వాడల పిల్లలను, మగపిల్లలను సైతము పిలిచి మలపించవచ్చును.

ఇందులో ప్రతిదాని వెనుకను కడుగుట యున్నది: చేతులు, గచ్చు, గోళ్ళ సందులు, మరక పడిన బట్టలు. నాడు అది యంతయు, బావినుండి నీళ్ళు తోడుటతో సహా, అమ్మల నడుముల మీదనే పడెను. చిన్ననాటి మట్టి వాసనను మురిపెముగా చెప్పుకొను మా ఊరి పెద్దమనుషులలో తమ లాగును తామే ఉతికికొన్నవారిని నేనెరుగను. కనుక మట్టియాట మరల రావలెనను తండ్రులు, తాతలు, మన్ను ఎక్కడ దొరకునని అడుగుటకు ముందు బకెట్టు ఎవరు పట్టుదురో తేల్చుకొనవలెను. అది తేలిన ఇంటికి మన్ను దొరకుట కష్టము కాదు.